కాగితం మీద కనిపించని లెక్క

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఒకటో తరగతికి సహాయక టీచరుగా పనిచేస్తున్నాను. పాఠం చెప్పేది తరగతి టీచరు. వెనకబడిన పిల్లల పక్కన కూర్చోవడం, లెక్కల పరీక్ష కాగితాలు దిద్దడం, వాటిని బట్టి పునశ్చరణకు అభ్యాసాలు తయారుచేయడం నా పని. భర్త ఉద్యోగం వెంట వచ్చిన నాలాంటి వాళ్లకు ఇక్కడ చాలాకాలం పనిచేసే హక్కే ఉండేది కాదు. 2015 మే నెలలో హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో కొందరికి అనుమతి వచ్చింది. గుంటూరులో చదివిన బి.ఎడ్. పట్టా ఇక్కడి ఏ చదువుకు సమానమో మదింపు చేయించుకుని బడిలో చేరాను. జీతం చిన్నదే. కానీ ఆరేళ్ల పిల్లలు లెక్క ఎలా ఆలోచిస్తారో ఇంత దగ్గరగా చూసే అవకాశం నాకు మరెక్కడా దొరకలేదు.

అమెరికాలో కేంద్ర చట్టం కోరే లెక్కల పరీక్షలు మూడో తరగతిలోనే మొదలవుతాయి. అంతకన్నా చిన్న పిల్లలకు ఏ పరీక్ష పెట్టాలో, ఎలా పెట్టాలో చాలావరకు బడులే చూసుకుంటాయి. ఒకటో తరగతి ముగిసేసరికి పదిలోపు కూడికలు, తీసివేతలు తడుముకోకుండా చేయాలి, ఇరవైలోపువి ఏదో ఒక ఉపాయంతో సాధించాలి, 120 వరకు లెక్కపెట్టాలి. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ ‘ఉపాయం’ ఏమిటో కాగితం చెప్పదు.

8+5 తీసుకోండి. ముగ్గురు పిల్లలు 13 అని రాశారు. ముగ్గురికీ ఒకే మార్కు. తర్వాత ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఎలా చేశావో చూపించు’ అన్నాను. మొదటి పాప ఎనిమిది పూసలు పేర్చి, పక్కన అయిదు పేర్చి, ఒకటి నుంచి పదమూడు దాకా వేలితో తాకుతూ లెక్కపెట్టింది. రెండో అబ్బాయి ఎనిమిదిని మనసులో ఉంచుకుని తొమ్మిది, పది అంటూ అయిదు వేళ్లు ముడిచాడు. మూడో పాప పూసలు ముట్టుకోలేదు. ‘అయిదులోంచి రెండు ఎనిమిదికిస్తే పది, ఇంకా మూడు’ అంది. మొదటి పాపకు ఇంకో యాభై కూడికల కాగితం ఇచ్చినా యాభైసార్లూ ఒకటి నుంచే మొదలుపెడుతుంది. ఆమెకు కావలసింది ఎనిమిది పూసలను గిన్నె కింద దాచి, ‘లోపల ఎనిమిది ఉన్నాయి, బయట అయిదు, మొత్తం ఎన్ని?’ అని అడగడం. కళ్లకు కనపడని వాటిని తాకి లెక్కపెట్టలేదు కనుక ఎనిమిది తర్వాతి నుంచి అందుకోవలసిందే. మూడో పాపకు ఈ ఆట అనవసరం. అందుకే తరగతి మొత్తానికి ఒకే పునశ్చరణ కాగితాల కట్ట పంచడం నాకు సమ్మతం కాదు.

సంక్రాంతి వెళ్లాక విజయవాడ నుంచి ఒక బాబు మా తరగతిలో చేరాడు. 27 కింద 35 నిలువుగా వేసి, చేతిలో ఒకటి ఉంచుకుని, క్షణంలో 62 అని రాసేవాడు. మా టీచరు ఆశ్చర్యపోయారు. నేను వాడి ముందు పదహారు పూసలు పోసి, కాగితం మీద 16 రాసి, ‘ఈ ఆరు ఏ పూసలో చూపించు నాన్నా’ అని తెలుగులో అడిగాను. ఆరు పక్కకు జరిపాడు. ‘మరి ఈ ఒకటి?’ అంటే ఒక్క పూస తీసి చూపించాడు. మిగిలిన తొమ్మిది బల్ల మీదే ఉన్నాయి. వాటి సంగతి అడిగితే, ‘అవి మిగిలిపోయాయి ఆంటీ’ అన్నాడు. నిలువు కూడిక చకచకా చేసే పిల్లల్లో ఇలా ఒక్కటే చూపించేవాళ్లు చాలామంది ఉంటారు. తప్పు వాడిది కాదు. 16లో ఒకటి అంటే పది అనే స్థాన విలువ చేతికి తగలకముందే పద్ధతి నోటికి వచ్చేసింది.

వాళ్ల అమ్మ సాయంత్రం గేటు దగ్గర అడిగింది: ‘అక్కా, వీళ్లేమిటి ఇంకా పుల్లలు, పూసలు అంటూ ఆడిస్తున్నారు? మావాడు మూడంకెల కూడికలు కూడా చేస్తాడు. ఇంటికి ఇంకా కాగితాలు ఇవ్వరా?’ ఆమె ఆందోళన నాకు తెలుసు. కొత్త దేశంలో బిడ్డ వెనకబడతాడేమోనన్న భయం అది. ‘కాగితాలు ఇస్తాను. కానీ ముందు ఐస్‌క్రీమ్ పుల్లలు తెచ్చి పదేసి రబ్బరు బ్యాండు వేయించమ్మా. వాడు 34 అంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు నీ చేతికివ్వాలి. 34లోంచి 6 తీయమను. కట్ట విప్పాలని వాడికే తోచాలి, నువ్వు చెప్పొద్దు’ అన్నాను. మొహమాటంగానే తలూపింది. రెండు వారాలయ్యాక ఆమే ఫోను చేసి, వాడు కట్ట విప్పుతూ ‘పది ఇందులోనే ఉంది’ అని అరిచాడని చెప్పింది.

తెనాలి దగ్గర మండల పరిషత్ పాఠశాలలో పనిచేసే మా వదినకు ఈ సంగతి చెబితే, ‘పుల్లల కట్టలు మా బడిలోనూ ఉన్నాయి కదమ్మా, మూడో తరగతి ముగిసేలోపు చదవడం, లెక్క రావాలని నిపుణ్ భారత్ కూడా ఇదే అంటోంది, నేను పిల్లవాడి పక్కన కూర్చునే వ్యవధి ఎక్కడిది?’ అంది. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ కార్యక్రమం ఆశయం మంచిదే. ఆమె చెప్పిన ఇబ్బంది ఇక్కడా ఉంది. పరికరాలకు కొరత లేదు, అడిగి వినే సమయానికే కొరత.

పరీక్ష కాగితంలో నేను తీసేయనివ్వని ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి. 7 = 8 − 1 అని రాసి నిజమా, కాదా అని అడిగేది అందులో ఒకటి. ‘తిరగేసి రాశారు’ అంటారు చాలామంది పిల్లలు. సమానం గుర్తు అంటే ‘ఇప్పుడు జవాబు రాయి’ అనే ఆజ్ఞ అని వాళ్ల నమ్మకం. అందుకే 8 + 4 = □ + 5 ఇస్తే పెట్టెలో 12 వేస్తారు. ఈ అపోహ ఇప్పుడు పోకపోతే, పెద్ద తరగతుల్లో బీజగణితం దగ్గర దెబ్బతింటారు. దీనికి నేను పునశ్చరణలో కాగితం వాడను. చిన్న త్రాసు పెట్టి, రెండు పళ్లెల్లో పూసలు వేయిస్తాను. అటు ఎనిమిది, నాలుగు, ఇటు అయిదు వేశాక త్రాసు ఒరిగిపోతుంది. ఇంకా ఎన్ని వేస్తే సరిపోతుందో వాళ్లే వేసి చూస్తారు. ఏడో పూస పడ్డాక ముల్లు నిటారుగా నిలబడితే, అటువైపు జవాబు ఎక్కడుందని ఎవరూ అడగరు.

ఈ ఏడాది మా టీచరుతో ఒక మాట అనుకున్నాం. ప్రతి యూనిట్ చివర ఇచ్చే నాలుగు పేజీల పరీక్షను రెండు పేజీలకు కుదించి, మిగిలిన సమయంలో ఒక్కో పిల్లవాడితో అయిదు నిమిషాలు మాట్లాడాలని. తరగతిలో ఇరవై నలుగురు ఉంటే రెండు గంటల పని. వారంలో నాలుగు ఉదయాలు, అరగంట చొప్పున. ఆ అరగంటలో మిగతావాళ్లు జంటలుగా పాచికలతో పది చేసే ఆట ఆడుకుంటారు. ప్రతి పిల్లవాడి పేరు పక్కన మార్కు రాయం. ‘ఒకటి నుంచి లెక్కపెడుతోంది’, ‘పది చేస్తోంది’, ‘కట్ట విప్పడం రాలేదు’ అని ఒక పుస్తకంలో రాస్తాం. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కాగితం బదులు ఈ పుస్తకమే తెరుస్తాం.