11 జాకెట్లు

2023 పెళ్లిళ్ల సీజన్‌లో, ఒకే రాత్రి 11 జాకెట్ గుడ్డలు కత్తిరించాను. మాది ఖమ్మం, ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. తెల్లారి మా ఆయన తలుపు తీస్తే కాలు పెట్టడానికి చోటు లేదట. ఒకరి చేతులు, ఇంకొకరి వీపు భాగం, లైనింగులు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఒక్కటీ కుట్టలేదు. కొలతలన్నీ నా తలలోనే ఉన్నాయనుకుని, ఆది జాకెట్లు చూడకుండానే కత్తెర పెట్టేశాను.

అప్పటికి వారంగా రోజుకు రెండు గంటలకు మించి నిద్ర లేదు. అయినా అలసటే తెలియలేదు. గాజులు తాకట్టు పెట్టి నాలుగు కొత్త మిషన్లకు అడ్వాన్స్ ఇచ్చాను. వద్దన్నందుకు మా ఆయన మీద వీధంతా వినపడేలా అరిచాను. అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆమెను తప్పు పట్టను, ఆమెకు తెలిసిన వైద్యం అదే.

అంతకుముందు రెండు నెలలు మంచం దిగలేదు. ఒక డాక్టరు డిప్రెషన్ అని మాత్రలు ఇచ్చారు. 22 ఏళ్లప్పుడు కూడా ఒకసారి ఇలాగే నిద్ర లేకుండా హుషారుగా తిరిగానని నేను ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. హుషారుగా ఉన్నామని ఎవరైనా డాక్టరుకు చెప్పుకుంటారా? చెప్పాలి. బైపోలార్ అంటే కొన్నాళ్లు డిప్రెషన్, కొన్నాళ్లు మేనియా అనే అతి హుషారు వచ్చే జబ్బు. అది ఉన్నవాళ్లకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే కొందరిని మేనియాలోకి తిప్పేస్తుందట. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ఆయన 14416కు, అదే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేశాడు. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు. అక్కడ డాక్టరమ్మ మొదట నా నిద్ర గురించి మా ఆయనను అడిగారు, ఆ తర్వాతే నన్ను. నాది బైపోలార్ అని చెప్పి రెండు వారాలు ఉంచుకున్నారు. లిథియం మొదలుపెడతామంటే భయపడ్డాను. "1949లోనే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఈ జబ్బుకు వాడి చూశారమ్మా, కొత్త మందేం కాదు" అన్నారు.

ఈ మందుతో జాగ్రత్తలు మాత్రం ఎక్కువే. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే, రక్తంలో లిథియం ఎంతుందో చూడటానికి రక్తం ఇవ్వాలి. నాకు 0.8 వచ్చింది, సరిపోయిందన్నారు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకోసారి. ఎండాకాలం నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా మానకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. మోకాళ్ల నొప్పికి సొంతంగా మాత్ర కొనుక్కోవడం మానేశాను.

అన్నింటికన్నా నన్ను ఏడిపించింది చేతి వణుకు. సూది కన్ను ఎదురుగానే కనిపిస్తుంది, దారం కొస మాత్రం పక్కకు జారిపోతుంది. మందు మానేద్దామని ఒకరోజు మాత్రల పట్టీ దాచేశాను. మా అమ్మాయి చూసి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆమె తిట్టలేదు. డోసు సర్దారు, వణుకు తగ్గింది. ఇప్పటికీ సన్న సూదులకు దారం అమ్మాయే ఎక్కించి వెళ్తుంది.

గోడ మీద క్యాలెండర్లో రోజూ ఎన్ని గంటలు నిద్రపోయానో రాస్తాను. మొన్న మాఘమాసంలో వరుసగా రెండు రాత్రులు "4" అని పడింది. మా ఆయన ఏమీ అనకుండా ఆర్డర్ల పుస్తకం తీసి పక్కన పెట్టి, డాక్టరమ్మకు ఫోన్ కలిపాడు. నేను అరవలేదు.

ఆ 11 మందికీ గుడ్డ డబ్బులు కొంచెం కొంచెంగా తీర్చాను. అందులో ఒక అక్క పోయిన నెల మళ్లీ పట్టు గుడ్డ తెచ్చింది. ఆది జాకెట్ పక్కన పెట్టుకుని, రెండుసార్లు కొలిచి కత్తిరించాను.