ఆయన చెప్పులు

రాత్రి పదకొండు దాటింది. నిద్ర పట్టడం లేదు, రాసుకుంటే కాస్త తేలికవుతుందని కూర్చున్నాను.

పొద్దున ఎనిమిదికి 108 అంబులెన్స్‌లో డ్యూటీ ఎక్కాను. ఆక్సిజన్, గొంతులో అడ్డుపడ్డవి లాగే సక్షన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ అన్నీ చూసుకుని సంతకం పెట్టేలోపే ఫోన్ మోగింది. నాచారంలో నెలలు నిండినావిడ. క్షేమంగా ఆస్పత్రిలో దింపాం. తర్వాత ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బైక్ జారిన కుర్రాడు. మోకాలు కొట్టుకుపోయింది, అంతే.

మూడోది హబ్సిగూడలో, మూడో అంతస్తు. పెద్దాయన హాల్లో నేలమీద ఉన్నారు. ఊపిరి లేదు, నాడి అందలేదు. సీపీఆర్ మొదలుపెట్టాను. నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు నొక్కడం, 2 సార్లు గాలి ఇవ్వడం, మళ్ళీ 30. పైలట్ అన్న అంబు బ్యాగ్ పట్టాడు. 108లో డ్రైవర్‌ని పైలట్ అనే అంటాం. లిఫ్ట్‌లో స్ట్రెచర్ పట్టలేదు. వాళ్ళబ్బాయి, వాచ్‌మన్ తలో చెయ్యి వేస్తే మెట్ల మీదుగానే దించాం.

తలుపు వేయబోతుంటే పెద్దావిడ గబగబా వచ్చారు. చేతిలో ఆయన చెప్పులు. "వచ్చేటప్పుడు వేసుకోవాలి కదా బాబూ" అని లోపల పెట్టారు.

తార్నాక మీదుగా గాంధీ ఆస్పత్రికి వెళ్ళేదాకా నొక్కుతూనే ఉన్నాను. అక్కడ డాక్టర్లు ఇంకాసేపు ప్రయత్నించి, ఇక లేరన్నారు.

బండి కడుగుతుంటే బెంచీ కింద కనపడ్డాయవి. గోధుమరంగు తోలు చెప్పులు. ఎడమదాని మడమ ఎక్కువగా అరిగింది. బొటనవేలి పట్టీ తెగితే నల్లదారంతో కుట్టించినట్టున్నారు, ఆ కుట్టు ఇంకా కొత్తగానే ఉంది. ఇంతసేపూ గట్టిగా ఉన్నవాణ్ణి, ఆ కుట్టు చూశాక చేతులాడలేదు.

అన్న నా చేతిలోంచి బకెట్ తీసుకున్నాడు. "దా తమ్మీ, ముందుగాల చాయ్ తాగు" అన్నాడు. గేటు బయట బండి దగ్గర నిలబడి తాగాం. ఆయన ఏమీ అడగలేదు. సగం గ్లాసు అయ్యాక నేనే చెప్పాను, ఆవిడ అన్న మాట. "నేను గూడ ఇన్నా" అన్నాడు. అంతే. అంతకంటే ఏమన్నా నాకు పట్టేది కాదు.

2005 ఆగస్టు 15న ఇదే హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు నేను ఆరో తరగతి. సైరన్ వినపడితే గేటు దాకా పరిగెత్తేవాణ్ణి. లోపల ఉన్నవాళ్ళకి భయం ఉండదనుకునేవాణ్ణి. ఈ ఉద్యోగంలో చేరాక కూడా కొన్నాళ్ళు అదే పట్టుకుని వేలాడాను, అలవాటైతే ఏదీ అంటదని. అది తప్పు. అంటుతుంది. అంటనట్టు ఉండబోయి నేను ఇంట్లో పిల్లల మీద విసుక్కున్నాను, నిద్ర పోగొట్టుకున్నాను.

ఒక శిక్షణలో విన్నది నాకు బాగా పనికొచ్చింది. పెద్ద ఘటన జరగ్గానే అందరినీ కూర్చోబెట్టి, బలవంతంగా మొత్తం చెప్పించడం వల్ల తర్వాత వచ్చే మానసిక గాయం ఆగుతుందని రుజువు కాలేదట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్, అంటే మనసుకి చేసే ప్రథమ చికిత్స, మార్గదర్శిలో మూడే పనులు: చూడటం, వినడం, అవసరమైన సాయంతో కలపడం. చెప్పమని ఒత్తిడి చేయకూడదు. చాయ్ బండి దగ్గర అన్న చేసింది మొదటి రెండూ. ఆయన ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

మూడోది నేనే చేసుకున్నాను, రెండు నెలల క్రితం. ఒక పసిపిల్ల కేసు తర్వాత వరుసగా నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే 14416కి ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది, మనసు బాగోలేనప్పుడు ఫోన్లో మాట్లాడి సాయం చేస్తారు. డబ్బు ఖర్చు లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. రోజూ వందల మంది నుంచి సాయం కోసం ఫోన్లు అందుకునే సర్వీసులో ఉండి, నేను ఒక్క ఫోన్ చేయడానికి అన్ని రాత్రులు ఆగాను. మా బ్యాచ్ వాళ్ళు ఎవరైనా ఇలా ఆగుతున్నారని తెలిస్తే నేనే నంబర్ నొక్కి చేతికిస్తాను.

చాయ్ తాగాక చెప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో అందుకుని, ఆ కుట్టు మీద వేలు పెట్టి, "మొన్ననే వేయించాడు" అన్నాడు. కాసేపు పక్కనే నిలబడ్డాను. ఇంకో కేసు వచ్చింది, వెళ్ళాం.

రాత్రి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఎలా గడిచింది?" అంది. రోజూ "మామూలే" అంటాను. ఈరోజు ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు నేనూ తీస్తూ మొత్తం చెప్పాను. తన చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి, "ఆ చెప్పులు మరి ఇచ్చేశారా?" అంది.

"ఇచ్చేశాను. వాళ్ళబ్బాయి చేతికే."