ఆగ్నెస్‌కి ఎన్నేళ్ళు?

ఆదివారం, రాత్రి పదిన్నర.

పెద్దది నిన్న చీకటిపడ్డాక దిగింది. విజయవాడ హాస్టల్లో ఇంటర్ మొదటి ఏడు, నెలకొక్క ఔటింగ్. వచ్చీ రాగానే పడుకుంది, పొద్దున తొమ్మిదైనా లేవలేదు. నేనూ లేపలేదు.

చిన్నోడు అప్పటికే టీవీ ముందు చేరాడు. మినియన్ల కార్టూన్ సినిమా. పెసరట్టు ప్లేట్లో చల్లారిపోతోంది, వాడు మాత్రం నవ్వీ నవ్వీ చాప మీద దొర్లుతున్నాడు. ఆ పసుప్పచ్చ బుడంకాయలు మాట్లాడేది ఏ భాషో నాకు ఒక్క ముక్క అంతు పట్టదు. వాడికి ఎక్కాలకంటే బాగా అర్థమవుతుంది.

ఉన్నట్టుండి అడిగాడు, "అమ్మా, ఆగ్నెస్‌కి ఎన్నేళ్ళు?" అని. ఆ సినిమాలో గ్రూ అనే ఆయన పెంచుకునే ముగ్గురు పిల్లల్లో చిట్టిది.

లెక్కేస్తే నాకే వింతగా అనిపించింది. ఈ గ్రూ సినిమాల పేరు డెస్పికబుల్ మీ, మొదటిది 2010లో వచ్చింది. అప్పటికి మా పెద్దదానికి ఏడాది. నాలుగోది 2024లో. ఈలోపు మా పిల్లకి పాలపళ్ళు ఊడాయి, చెప్పుల సైజు నాది దాటింది, కళ్ళజోడొచ్చింది. అక్కడ గ్రూకి పెళ్ళయింది, కొడుకు కూడా పుట్టాడు. ఆగ్నెస్ నెత్తిమీద మాత్రం అదే పిలక, అదే ఎత్తు.

పెద్దది అప్పుడే లేచినట్టుంది, బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చింది. "బొమ్మ పెరగదమ్మా, గొంతిచ్చే పిల్ల పెరుగుద్ది. మొదటి రెండిట్లో ఒకమ్మాయి, మూడోదాంట్లో ఇంకో అమ్మాయి, నాలుగోదాంట్లో మళ్ళీ వేరే అమ్మాయి" అంది. పెరిగిన పిల్లని పక్కన పెట్టి ఇంకో చిన్నపిల్లని తెచ్చుకోవడం! ఎంత సుఖం వాళ్ళకి.

నాకు టాయ్ స్టోరీ వాళ్ళ పద్ధతే నచ్చుతుంది. అందులో బొమ్మలు అలాగే ఉంటాయి, ఆడుకునే ఆండీ పెరుగుతాడు. 1995లో బుడ్డోడు, 2010లో మూడోది వచ్చేసరికి కాలేజీకి సామాను సర్దుకునే కుర్రాడు. గొంతు కూడా మార్చలేదు. చిన్నప్పటి ఆండీకి చెప్పిన జాన్ మోరిసే పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ చెప్పాడు. ఖాళీ అయిన గదిలోకి వచ్చి వాళ్ళమ్మ ఒక్క క్షణం ఊపిరాడనట్టు ఆగిపోతుంది చూడండి, మొన్న జూన్‌లో దీని ట్రంకుపెట్టె సర్దుతుంటే అదే గుర్తొచ్చింది. కందిపొడి డబ్బా మూత బిగించే వంకతో గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాను. మూత ఎప్పుడో బిగిసింది.

అందుకే 2019లో నాలుగోది తీసినందుకు నాకు కోపం. మూడోదాంట్లోనే ఆండీ బొమ్మలన్నీ బోనీ అనే చిన్నపిల్ల చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు, కథ అయిపోయింది. మంగళం పాడేశాక మళ్ళీ హరికథ మొదలెట్టడమేంటి? మా ఇంట్లో అది పెట్టనివ్వను.

"నీకు ఏడిపించేవే మంచి సినిమాలు" అంది పెద్దది. తర్వాత రెండోదాని సంగతి చెప్పింది. దాన్ని మొదట హాల్లో కాకుండా వీడియో క్యాసెట్లకే తీద్దామనుకున్నారట. 1998లో ఎవరో పొరపాటున కంప్యూటర్‌కి ఓ ఆదేశమిచ్చేసరికి సినిమా చాలావరకు చెరిగిపోయిందట. బ్యాకప్ చూస్తే అదీ పనిచెయ్యలేదు. అక్కడ పనిచేసే ఒక బాలింతరాలు ఇంటినుంచి పని చేసుకుందామని కాపీ పెట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ కంప్యూటర్ని దుప్పట్లు చుట్టి కార్లో తెచ్చుకున్నారట, పసిబిడ్డని తెచ్చినట్టు. తీరా కథ బాగాలేదని చాలా భాగం మళ్ళీ మొదట్నుంచి చేశారు! ఇంత పాడుపడ్డ సినిమా 1999లో హాళ్ళకొచ్చి ఆడేసింది.

ఇవన్నీ ఎక్కడ చదివావే అంటే, "స్టడీ అవర్స్‌లో" అంది. ఫీజు రసీదు కళ్ళముందు తిరిగింది, ఏమీ అనలేదు.

మధ్యాహ్నం గోంగూర మాంసం తిని మళ్ళీ పడుకుంది. నాలుగింటికి బ్రాడీపేట వెళ్ళి రెండు నోట్సులు, ఒక బకెట్టు కొన్నాం. పాతది పగిలిందట, ఎలాగని అడిగితే నవ్వింది. ఐదున్నరకి వాళ్ళ నాన్న బండి మీద తీసుకెళ్ళి బస్సెక్కించి వచ్చారు. ఆయన ఏమీ మాట్లాడలేదు, వచ్చి మొక్కలకి నీళ్ళు పోశారు. పొద్దునే పోశాను నేను.

ఎనిమిదింటికి హాస్టల్ ఫోన్ నుంచి చేసింది. చేరాను, ఉసిరికాయ పచ్చడి సీసా ఫ్రిజ్ మీదే మర్చిపోయాను అంది. వెనకాల ఎవరో తొందర పెడుతున్నారు. "అమ్మా, టాయ్ స్టోరీ నాలుగోది నేనొచ్చినప్పుడు అందరం చూద్దాం. ఈలోపు వాణ్ణి పెట్టనివ్వకు" అని పెట్టేసింది.

హాల్లోకి వచ్చి చూస్తే చిన్నోడు అప్పటికే సగం చూసేశాడు.