లెటర్‌హెడ్ లేని సిఫారసు

"మీ రిఫరెన్సుల్లో జడ్జి పేరు లేదేం? అక్కడ ఏమైనా తేడా వచ్చిందా?"

తర్వాతి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. అమెరికాలో ఒక రాష్ట్ర కోర్టు జడ్జి దగ్గర లా క్లర్కుగా నా ఏడాది ముగియవస్తోంది. ఆవిడ పేరు తప్ప అందరి పేర్లూ రాశాను. మర్యాద అనుకున్నాను. ఇక్కడ దాన్ని 'ఆ జడ్జికీ ఈ అమ్మాయికీ పడలేదు' అని చదువుకుంటారట.

క్లర్కు అంటే మనవాళ్లకు వేరే అర్థం. "ఎల్.ఎల్.ఎం. చదివి క్లర్కా?" అని పిన్ని ఫోన్లోనే నిట్టూర్చింది. ఇరుపక్షాల కాగితాలు చదివి, పాత తీర్పులు వెతికి, జడ్జికి మెమో రాసిపెట్టే పని ఇది. నాయన మాత్రం చిత్తూరు కోర్టులో నిజంగానే బెంచ్ క్లర్కు. ఎందరో జడ్జిలు వచ్చారు, బదిలీ మీద పోయారు. ఒక్కరినీ ఏదీ అడగలేదు. అడిగితే మర్నాడు ఆయన ముందర ఎట్లా కూర్చునేది అనేవాడు.

పైగా నేను తిరుపతిలో పెరిగినదాన్ని. మా ఇంట్లో లెటర్ అంటే బ్రేక్ దర్శనం లెటరే. ఎండాకాలం సెలవులొస్తే చాలు, ముఖం తెలియని చుట్టాలంతా "ఎమ్మెల్యే లెటర్ దొరుకుతుందా" అని ఫోన్లు. ఆ ఎమ్మెల్యేకు వీళ్లెవరో తెలియదు. విలువంతా లెటర్‌హెడ్‌ది. జడ్జిని అడగడమంటే నాకు క్యూ తప్పించుకుని లోపల దూరినట్టే అనిపించింది.

చివరికి వెళ్లి అడిగాను. (ఇక్కడ మేడమ్ అనరు, పేరూ పెట్టరు. ఉత్త 'జడ్జ్'. నా నోటికి అది తిరగడానికే నెల పట్టింది.) ఆవిడ కోప్పడ్డారు, అడిగినందుకు కాదు, ఇంటర్వ్యూకు వెళ్తున్నట్టు చెప్పనందుకు. ఇంటర్వ్యూ చేసేవాళ్ల కేసు మా దగ్గరుంటే ఆ ఫైలు నేను ముట్టకూడదట. రిఫరెన్సుకేం, జడ్జి తను స్వయంగా ఎరిగిన మనిషి గురించి చెప్పొచ్చని ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. కోర్టు లెటర్‌హెడ్ వాడితే మాత్రం ఇది నా సొంత అభిప్రాయమని రాయాలి. ఒత్తిడి పెట్టినట్టు కనబడే చోట దాన్ని అసలు వాడకూడదు.

"నువ్వు బాగా రాస్తావు. గడువుకు మాత్రం ఇవ్వవు. అడిగితే రెండూ చెబుతాను," అన్నారు.

సిఫారసులో తప్పు కూడా చెబుతారా! రెండు రాత్రులు నిద్ర లేదు. ఆవిడ నిక్కచ్చితనం నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. కానీ నాయన అడగకపోవడం పిరికితనమేమీ కాదు. మాకు అడగడమంటే రుణపడటం. ఆ లెక్క వీళ్లకెట్లా చెప్పేది?

ఆదివారం నాయనకు ఫోన్ చేశాను.

"లెటర్ ఇచ్చినారా పాపా?"

"లెటర్ ఉండదు నాయనా. వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు."

"గడువుకు ఇయ్యవని గూడా చెప్తారా?"

"చెప్తారంట."

కాసేపు మాట్లాడలేదు.

"మరి ఆ మాట నిజమేనా?"