పిన్ని పంపిన సీసా

పొద్దున తమ్ముడు మూడో అంతస్తు వరకు మెట్లెక్కి వచ్చి, మాట్లాడకుండా కుర్చీలో కూర్చుండిపోయాడు. రెండుసార్లు పొడిదగ్గు. వాడికి తెలియకుండా లెక్కపెట్టాను. ఈ మధ్య నాకు అదే పని.

వాడిది హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్. కీమోలో ఎక్కిస్తున్న నాలుగు మందుల్లో నాకు భయం బ్లియోమైసిన్ అంటేనే. అది ఇనుముతో జతకట్టి, ఆక్సిజన్ నుంచి ఫ్రీ రాడికల్స్ అనే అతి చురుకైన అణువులను పుట్టించి, వాటితో క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను తెంచుతుంది. ఈ మందును విరిచేసే ఎంజైమ్ ఊపిరితిత్తుల్లోనూ చర్మంలోనూ చాలా తక్కువ. అందుకే దెబ్బ అక్కడే తగులుతుంది. మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి మచ్చ కట్టి బిగుసుకుపోవచ్చు.

పిన్ని పంపిన సీసా నాలుగు రోజులుగా బల్ల మీదే ఉంది. పసుపులో ఉండే కర్క్యుమిన్, ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్ కలిపిన గుళికలు. రెండూ ఫ్రీ రాడికల్స్‌ను అణిచే పదార్థాలే. "సహజమైనవే కదమ్మా, వాడి ఊపిరితిత్తులను కాపాడతాయి" అంది. ఆమె మాట పూర్తిగా గాలి మాట కాదు. బ్లియోమైసిన్ ఇచ్చిన ఎలుకల్లో ఇలాంటి పదార్థాలు మచ్చను తగ్గించాయని రాత్రి చదివి, లేచి వెళ్లి సీసా మూత తీశాను కూడా. అప్పుడు తట్టింది: ఆ ప్రయోగాల్లో చాలావాటిలో ఎలుకలకు అసలు క్యాన్సరే లేదు. ఊపిరితిత్తిని కాచే గుళిక గడ్డను కూడా కాస్తే? మందు పనిచేసేదే ఫ్రీ రాడికల్స్‌తో కదా!

1994లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఫలితాలు కూడా గుర్తుకొచ్చాయి. పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిగిన పరీక్ష అది. కాపాడుతుందనుకున్న బీటా కెరోటిన్ (ఇదీ ఫ్రీ రాడికల్స్‌ను అణిచేదే) మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. కీమో సంగతి వేరే అయినా, మంచిదనుకుని వేసిన మాత్ర చెడు చేయగలదని నమ్మడానికి నాకు అది చాలు. మూత బిగించేశాను.

ఉదయం డాక్టరుగారికి ఫోను చేశాను. భోజనంలో పండ్లు, కూరలు మామూలుగా తినవచ్చట. గుళికలు మాత్రం కీమో ముగిసేదాకా వద్దన్నారు. కానీ దగ్గు మాట చెప్పగానే ఆవిడ గొంతు మారింది. ఎప్పటి నుంచి, జ్వరం ఉందా, నడిస్తే ఆయాసమా అని వరసగా అడిగారు. రేపు స్కాన్, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత చేరుతోందో చూసే పరీక్ష. అవి చూశాకే తరువాతి మోతాదులో బ్లియోమైసిన్ ఉంచాలో తీసేయాలో చెబుతారట.

ముందే చెప్పాల్సింది. నాలుగు రోజులు సీసా గురించే ఆలోచించాను, దగ్గు గురించి ఫోను చేయలేదు.

పిన్నికి చెబితే నొచ్చుకోలేదు. "పరీక్షకు నేనూ వస్తాను" అంది. తమ్ముడు నిద్రపోతున్నాడు. సాయంత్రం నుంచి మరో మూడుసార్లు దగ్గాడు. రేపు చూపించడానికి వేళలతో సహా రాసి పెట్టాను.