రాజుల జతతో ఓడిన మధ్యాహ్నం: గోవా పోకర్ పోటీలో నా అనుభవం

గోవా నుంచి మిర్యాలగూడకు తిరిగివచ్చి ఇంకా నాలుగు రోజులు కాలేదు. 418 ప్రవేశాలు నమోదైన పోటీలో 46వ స్థానంలో నిలిచి, కట్టిన రుసుము కంటే ఎక్కువే చేతపట్టుకుని వచ్చాను కాబట్టి ఇంట్లోవాళ్ళూ మిల్లులోవాళ్ళూ నన్ను అదృష్టవంతుడంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మొదటిరోజు మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర నాకు జరిగిన అవమానమే గుర్తుకు వస్తోంది. అక్కడ అదృష్టం ఎంత, నా తప్పు ఎంత అన్నది తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను ఒక రైస్ మిల్లులో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. లారీ తూకం, ధాన్యంలో తేమ, బస్తాల లెక్క, ఇవే నా రోజు. క్రిస్ మనీమేకర్ కథ నన్ను అంతగా పట్టుకోవడానికి కారణం అతనూ నాలాగే లెక్కల ఉద్యోగి కావడమే. 86 డాలర్ల ఆన్‌లైన్ అర్హత పోటీ మెట్టు మీదుగా 10,000 డాలర్ల ప్రవేశం సంపాదించి, 2003లో లాస్ వెగాస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీలో 839 మందిలో మొదటివాడిగా నిలిచి అతను 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది, 2006 నాటికి 8,773 మంది వచ్చారంటే, ఒక ఔత్సాహికుడి గెలుపు ఎంతమందిలో ఆశ పుట్టించిందో ఊహించుకోవచ్చు.

ఆట నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. తెలంగాణలో 2017 నుంచి నైపుణ్యపు ఆటైనా సరే డబ్బు పెట్టి ఆడటం నేరం కాబట్టి, మా బావమరిదితోనూ మరో ఇద్దరు మిత్రులతోనూ ఆదివారాలు చింతగింజలు పందెంగా పెట్టుకుని ఆడేవాణ్ణి. మా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే కదా, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది; అయినా చట్టం చట్టమే, దాన్ని దాటే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు. ఫోన్‌లో రమ్మీ ఆడి ఎకరాలకు ఎకరాలు తాకట్టు పెట్టిన కుర్రవాళ్ళను మా మండలంలోనే చూశాను. ఇంట్లో బియ్యానికీ పిల్లల ఫీజుకూ కావలసిన డబ్బుతో ఈ ఆట జోలికి పోయేవాణ్ణి నేను క్షమించలేను. పోటీకి నేను కట్టిన 35,000 రూపాయల రుసుము మూడేళ్ళ దసరా బోనసులో నుంచి విడిగా దాచినది.

సికింద్రాబాద్‌లో వాస్కో రైలు ఎక్కడం, పణజిలో గది చూసుకోవడం, పోటీ జరిగే, మాండవి నదిలో లంగరు వేసి ఉన్న ఓడ దగ్గరికి పడవలో వెళ్ళడం, అన్నీ సాఫీగానే సాగాయి. నమోదు దగ్గర మాత్రం పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగానూ ఆధార్‌లో ఒక్క అక్షరంగానూ ఉందని గంటసేపు నిలబెట్టారు. వెళ్ళేవాళ్ళు రెండు కార్డుల్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోవాలి. సంతకం చేయించుకున్న కాగితాల కట్టలో ఆట నియమాల పత్రం కూడా ఉంది. మిల్లులో ఒక్క వరుస కూడా చదవకుండా సంతకం పెట్టని నేను, ఆలస్యమైపోతుందన్న తొందరలో దాన్ని చదవకుండానే సంతకం పెట్టాను.

ప్రతి ఆటగాడికీ 30,000 విలువగల చిప్పులు, అంటే పందెం బిళ్ళలు, ఇచ్చారు. మొదటి మూడు గంటలు ఓపికగా ఆడి వాటిని 41,000 చేసుకున్నాను. అప్పటికి బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందాలు, 500, 1,000కు చేరాయి. అప్పుడు నా చేతికి ఇచ్చే రెండు ముక్కలూ రాజులే వచ్చాయి. ఆసుల జత తప్ప దానికి మించిన చేయి లేదు. అప్పటిదాకా ఎవరూ పందెం పెంచలేదు. నేను 5,000కు పెంచుదామనుకుని, నోరు విప్పకుండా 5,000 విలువగల ఒక్క చిప్పును ముందుకు వేశాను. ముక్కలు పంచే అమ్మాయి "కాల్" అని, అంటే ఉన్న పందెం 1,000కి సమానంగా పెట్టినట్టే అని, 4,000 చిల్లర తీసి నా ముందుకు నెట్టింది.

నాకు అర్థం కాలేదు. పెంచుతున్నానని చెప్పాను. నోటితో చెప్పకుండా ఒకే పెద్ద చిప్పు వేస్తే, దాని విలువ ఎంతైనా, అది కాల్ కిందే లెక్క అని ఆమె అన్నది. మా ఆదివారం ఆటల్లో గింజలు ముందుకు తోస్తే చాలు, ఎంత తోశామన్నదే పందెం. చింతగింజల్లో పెద్ద గింజ, చిన్న గింజ అనే తేడా లేదు కనుక ఈ నియమం నాకు తగిలే సందర్భమే ఎన్నడూ రాలేదు. వచ్చీరాని హిందీలో నేను గొంతు పెంచాను. ఆమె చేయెత్తి పర్యవేక్షకుణ్ణి పిలిచింది. అతను వచ్చి, నా ముఖం వైపైనా చూడకుండా, "కాల్" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. నియమం అతని పక్షానే ఉందని ఇప్పుడు నాకు తెలుసు. అయినా నలభై ఏడేళ్ళ మనిషికి అర నిమిషం నిలబడి వివరించి ఉంటే అతని సొమ్మేమీ పోయేది కాదు. చుట్టూ రెండు బల్లలవాళ్ళు మెడలు తిప్పి చూస్తున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

అసలు నష్టం అక్కడే జరిగింది, కానీ ఆ క్షణంలో నేను గ్రహించలేదు. పెంచుదామనుకున్నానని అంత పట్టుగా వాదించడం అంటే నా చేతిలో గొప్ప ముక్కలున్నాయని ఎనిమిది మందికి చాటింపు వేయడమే. నాకు ఎడమవైపు పెద్ద బ్లైండ్ స్థానంలో హెడ్‌ఫోన్లు మెడలో వేసుకున్న ఒక కుర్రవాడు ఉన్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళుంటాయి, ఇదే అతని వృత్తి. నేను వాదిస్తున్నంతసేపూ అతను నా చేతులను, నా చిప్పులను చూస్తూ కూర్చున్నాడు.

మరో ముగ్గురు చవకగా లోపలికి వచ్చారు. అందరికీ ఉమ్మడిగా వాడుకునే ముక్కలు బల్ల మీద తొమ్మిది, ఏడు, నాలుగు పడ్డాయి. నేను 3,000 వేస్తే ఆ కుర్రవాడొక్కడే నిలిచాడు. తర్వాత రెండు పడింది. 7,000 వేశాను, మళ్ళీ నిలిచాడు. చివరిది జాకీ. అప్పుడు అతనే 14,000 ముందుకు తోశాడు. నేను రెండు నిమిషాలు ఆలోచించి, రాజులను వదలలేక, నేనూ 14,000 ఇచ్చాను. అతను ఏడు, నాలుగు చూపించాడు. 41,000లో నాకు మిగిలినవి 16,000.

జతలేని రెండు ముక్కలకు తొలి మూడు ముక్కల్లోనే ఇలా రెండు జతలు కలవడం నూటికి రెండుసార్లే జరుగుతుంది. నా దురదృష్టమని ఆ సాయంత్రం బావమరిదికి ఫోన్‌లో చెప్పుకుని బాధపడ్డాను. "నువ్వు నోరు తెరిచి పెంచుతున్న అని చెప్తే వాడు ఆ ఏడు నాలుగు పెట్టుకొని కూసుంటుండెనా బావా?" అని అడిగాడు. కూర్చునేవాడు కాదు. 5,000 అడిగితే ఆ ముక్కలు అప్పుడే పారేసేవాడు. పైగా నా దగ్గర ఏముందో అతనికి ముందే తెలుసు కాబట్టే చివర 14,000 అడిగితే నేను ఇస్తానని కూడా తెలుసు. ఆ నూటికి రెండు అదృష్టానిదే, దానికి తలుపు తీసింది నేను.

అయితే అదృష్టం లేదని చెప్పేవాళ్ళ మాట కూడా నేను ఒప్పుకోను, ఎందుకంటే మరో గంటలో అదే నన్ను బతికించింది. మిగిలినవన్నీ ఆసు, తొమ్మిది మీద పెట్టాను. ఎదుటి వృత్తి ఆటగాడి దగ్గర ఆసు, రాణి ఉన్నాయి. నాకు నాలుగింట ఒక వంతుకు కాస్త పైన మాత్రమే అవకాశం. చివరి ముక్క తొమ్మిది. అతనికి చిప్పులన్నీ పోయాయి. అతను బల్ల మీద వేళ్ళతో తట్టి, మాట అనకుండా లేచి, పది నిమిషాల్లో మరో 35,000 కట్టి పక్క బల్లలో కూర్చున్నాడు. ఔత్సాహికులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: వృత్తి ఆటగాళ్ళు ఒకరి ఫలితంలో ఒకరు వాటాలు పెట్టుకుని, ఒకే పోటీలో రెండు మూడు సార్లు ప్రవేశించగలిగే డబ్బుతో వస్తారు. మనకు ఉండేది ఒక్క ప్రాణం. తప్పు ముక్క ఒకటి పడితే వాళ్ళకు అది ఖర్చు, మనకు అది తిరుగు రైలు. నిర్వాహకులు ఒక్క ప్రవేశమే అని నియమం పెడితే పోటీ ఎంతో న్యాయంగా ఉంటుంది, కానీ రుసుముల మీద వచ్చే ఆదాయం వదులుకోరు.

మనీమేకర్ విషయంలోనూ ఈ రెండూ కలిసే ఉన్నాయి. చివరి బల్లకు ఒక్క మనిషి దూరంలో, ఆసు, రాణితో ఉన్న అతనికి ఎదురుగా వృత్తి ఆటగాడు ఫిల్ ఐవీ తొమ్మిదులతో ఫుల్ హౌస్ (ఒకే విలువవి మూడు, మరో విలువవి రెండు ముక్కలు) చేసుకున్నాడు. మిగిలిన 44 ముక్కల్లో మనీమేకర్‌ను కాపాడేవి ఏడు మాత్రమే. ఆసు పడింది, ఐవీ పదో స్థానంతో వెళ్ళిపోయాడు. అది అదృష్టం. కానీ చివర్లో మిగిలిన ప్రత్యర్థి సామీ ఫర్హాకు ఎదురుగా చేతిలో ఏమీ లేకుండా చిప్పులన్నీ పెట్టి, మంచి ముక్కలున్న ఆయన చేతనే పారేయించిన ధైర్యాన్ని అదృష్టమని ఎవరూ అనలేరు. 1987లోనూ 1988లోనూ అదే పోటీని జానీ చాన్ వరుసగా గెలిచినప్పుడు ఆడినవాళ్ళు ఏటా రెండు వందలలోపే. ఆ తర్వాత ఎవరూ వరుసగా రెండుసార్లు గెలవలేదు. వేలమంది కూర్చునే చోట ఎంతటివాడికైనా అన్ని ముక్కలూ కలిసిరావు.

రెండో రోజు గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ప్రతి పందాన్నీ ముందు నోటితో చెప్పి, తర్వాతే చిప్పులు కదిపాను. ఏడు గంటలు ఆడాను. బహుమతి పరిధిలోకి వచ్చాక, పదుల జతతో అన్నీ పెడితే ఎదుటివాడి ఆసు, రాజుకు చివరి ముక్క రాజు కలిసింది. ఆ చేతిలో నేను చేసిన తప్పేమీ లేదు, అందుకే లేచినప్పుడు బాధ కలగలేదు. వెళ్తూ ఉంటే నన్ను ముందురోజు ఓడించిన కుర్రవాడు మరో బల్ల నుంచి చేయెత్తాడు. అతని ముందు చిప్పుల గుట్టలు నాలుగు ఉన్నాయి.

బహుమతి 71,000. నగదు కిటికీ దగ్గర మళ్ళీ పాన్ కార్డు అడిగి, పన్ను మినహాయించి, రసీదు ఇచ్చారు. ఈసారి ఆ కాగితం మీద ఉన్న ప్రతి వరుసా చదివిన తర్వాతే సంతకం పెట్టాను. వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నా నేను తొందరపడలేదు.