కలకత్తా చైనా వాడల్లో నాకిష్టమైన చోట్లు

కలకత్తాలో చైనా వాడ అనగానే చాలామంది టాంగ్రా హోటళ్ల పేర్లే చెబుతారు. ఈ ఊళ్లో స్థిరపడిన నేను మాత్రం, హైదరాబాదు నుంచి బంధువులు వచ్చినప్పుడు వారిని ముందుగా లాల్‌బజారుకు దగ్గరలో ఉన్న టిరెట్టా బజారుకే తీసుకువెళతాను. రెండింటిలో పాత వాడ ఇదే.

ఆదివారం ఉదయం ఆరున్నరకల్లా పొద్దార్ కోర్టు అనే ఆఫీసుల భవనం పక్క వీధికి చేరుకోవాలి. పెద్ద పెద్ద అల్యూమినియం పాత్రల్లో ఆవిరి మీద ఉడికిన మోమోలు, పంది మాంసం కూరిన తెల్లటి బావోలు (ఆవిరి మీద ఉడికిన బన్నులు), సాసేజీలు అక్కడ వరుసగా అమ్మకానికి ఉంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చేప ఉండల సూప్. పల్చటి వేడి సూప్‌లో మెత్తటి తెల్లటి ఉండలు తేలుతుంటాయి, పైన ఉల్లికాడల తరుగు చల్లుతారు, రెండు గుక్కలు తాగేసరికి మిరియాల ఘాటు గొంతుకు తగులుతుంది. తొమ్మిది దాటితే దాదాపు ఏమీ మిగలదు. అమ్మేవారిలో ఇప్పుడు చైనా కుటుంబాలవారు తగ్గి, ఇతరులు ఎక్కువయ్యారని కొందరు బాధపడతారు. ఆ ఇతరులు కూడా రాకపోతే ఈ పొద్దుటి సంత ఎప్పుడో ఆగిపోయి ఉండేదని నా అభిప్రాయం. 1962 భారత్-చైనా యుద్ధ సమయంలో ఇక్కడి చైనీయులలో ఎందరినో రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించారు. ఆ తరువాతి సంవత్సరాలలో అనేక కుటుంబాలు కెనడా వంటి దేశాలకు వలస వెళ్లాయి. వీధి పలచబడిన కారణం తెలిస్తే, మిగిలినవారిపై గౌరవం మరింత పెరుగుతుంది.

తిన్న తరువాత ఛాతావాలా గల్లీలో, 1905 నాటి సీ ఇప్ ఆలయానికి వెళ్లాలి. అక్కడ కరుణామూర్తి అయిన క్వాన్ యిన్ దేవి కొలువై ఉంది. దగ్గరలోనే ఉన్న తూంగ్ ఆన్ ఆలయం కింది అంతస్తులో, ఒకప్పుడు నగరమంతా పేరు పొందిన నాంకింగ్ రెస్టారెంటు ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు పౌ చాంగ్ అనే సాసుల కంపెనీ వారి పచ్చిమిరప సాస్ తప్పక కొంటాను. మన ఊళ్లలో బండి మీద మంచూరియా తినేవారికి ఈ రుచి ఏమాత్రం కొత్తగా ఉండదు. మంచూరియాను రూపొందించిన ఘనత దక్కిన నెల్సన్ వాంగ్ కూడా కలకత్తాలో పుట్టినవారే.

ఇక టాంగ్రా. హక్కా అనే వర్గానికి చెందిన చైనీయులు తోళ్లు పదును చేసే కార్ఖానాలు నడిపిన వాడ ఇది. తోళ్ల పరిశ్రమను ఊరి బయటకు తరలించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, కార్ఖానాలు బంతలాకు మారాయి, వాడకు హోటళ్లే ముఖ్య ఆధారమయ్యాయి. హోటళ్లను గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కనుక, నేను చైనీస్ కాళీ గుడి గురించే చెబుతాను. చెట్టు కింద సిందూరం పూసిన రెండు నల్ల రాళ్లకు జరిగిన పూజ కాలక్రమంలో గుడిగా రూపుదిద్దుకుంది. అమ్మవారికి మందార మాలలు వేస్తారు, చైనా అగరువత్తులు వెలిగిస్తారు, నూడుల్స్ నైవేద్యం పెడతారు. దుష్టశక్తులు తొలగిపోవాలని చేతితో చేసిన కాగితాలను కాలుస్తారు. టాంగ్రాకు భోజనానికి వెళ్లేవారు ఒక గంట ముందుగా బయలుదేరి, ఈ గుడికి వెళ్లి, ఆ తరువాతే హోటల్లో కూర్చోవాలని నా సలహా.